రక్తంలో సోడియం, పొటాషియం: సైజులో తేడా

రక్త పరీక్ష కాగితంలో "సోడియం 138, పొటాషియం 4.2" అని చూసే ఉంటారు. నిజానికి సోడియం ఒక లోహం. నీళ్ళలో వేస్తే భగ్గుమంటుంది. మరి రక్తంలో ఎలా ఉంటోంది? రక్తంలో ఉన్నది సోడియం పరమాణువు కాదు, సోడియం అయాను.

సోడియం పరమాణువులో 11 ఎలక్ట్రాన్లు 2, 8, 1 చొప్పున మూడు కక్ష్యల్లో ఉంటాయి. చివరి ఒక్కటి పోతే ఆ కక్ష్యే ఖాళీ అవుతుంది. మిగిలిన 10 ఎలక్ట్రాన్లను 11 ప్రోటాన్లు మరింత దగ్గరికి లాక్కుంటాయి. దాంతో 186 పికోమీటర్ల వ్యాసార్ధం దాదాపు 102కు తగ్గిపోతుంది (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లవ వంతు). క్లోరిన్‌ సంగతి దీనికి తలకిందులు. ఒక ఎలక్ట్రాన్ చేరగానే అవి ఒకదాన్నొకటి నెట్టుకుని 99 నుండి 181కి ఉబ్బుతుంది. మనం తినే ఉప్పులో ఉన్నవి ఈ రెండే.

పొటాషియం కూడా ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని 227 నుండి 138కి తగ్గుతుంది. అయినా సోడియం అయాను కంటే పెద్దదే. ఈ కొద్ది తేడా మీదే నరాలు, గుండె నడుస్తున్నాయి.

మన కణాల పొరలో పొటాషియం వెళ్ళే సన్నని దారులున్నాయి. పెద్దది దూరేచోట చిన్నదైన సోడియం సులువుగా దూరాలి కదా! దూరదు. అయాను చుట్టూ నీటి అణువులు అంటుకుని ఉంటాయి. దారిలోకి రావాలంటే వాటిని విడిచి రావాలి. నీటికి బదులుగా దారి గోడలోని ఆక్సిజన్ పరమాణువులు పొటాషియాన్ని అన్నివైపులా సరిగ్గా పట్టుకుంటాయి. చిన్నదైన సోడియం వాటికి అందదు, కనుక నీటిని వదలదు. ఈ నిర్మాణాన్ని 1998లో చూపిన రోడెరిక్ మెకిన్నన్ వైద్యవిద్య చదివినవారే. 2003లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక వంటింటి సంగతి. బి.పి. ఉన్నవారి కోసం అమ్మే "లో సోడియం" ఉప్పులో కొంత భాగం పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. రుచి దగ్గరగానే ఉన్నా శరీరం రెంటినీ ఒకటిగా చూడదు. చాలామందికి ఇది మేలే. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది. మామూలుగా ఉండవలసింది సుమారు 3.5 నుండి 5. అది బాగా పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు, ముందుగా ఏ నొప్పీ లేకుండానే. కొన్ని బి.పి. మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. అందుకే ఆ ఉప్పు వాడేముందు ప్యాకెట్టు తెచ్చి డాక్టరుగారికి చూపించండి. డయాలసిస్ మీద ఉన్నవారిని చూడడానికి వచ్చే బంధువులు కొబ్బరిబొండాలు తేవద్దు. వాటిలోనూ పొటాషియం ఎక్కువే.