యువజనుల మనోవ్యథ - పెద్దల కర్తవ్యము

వేసవి సెలవులు ముగియగనే అనంతపురము, కడప, చిత్తూరు ప్రాంతముల నుండి అనేక తెలుగు కుటుంబములవారు తమ పిల్లలను చదువుల నిమిత్తము బెంగళూరునకు తెచ్చి, హాస్టలులో చేర్పించి, పరుపు, బకెట్టు, ఊరగాయ సీసా అప్పగించి వెనుకకు మరలుదురు. ఆపైన వారమునకొక పర్యాయము ఫోను. “భోజనం సరిగ్గా చేస్తున్నావా? పరీక్షలెప్పుడు? మార్కులెన్ని వచ్చాయి?” పిల్లవాడు చెప్పు సమాధానము సాధారణముగా ఒక్కటే: “బాగానే ఉన్నాను నాన్నా.” ఆ మాట నిజమో కాదో తెలిసికొనదగిన ప్రశ్న ఆ మూడింటిలో ఒక్కటియు లేదు.

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 మొదలు 17 ఏండ్ల వయస్సువారిలో నూటికి 7.3 మందికి ఏదో యొక మానసిక రుగ్మత యున్నట్లు తేలినది. గ్రామములలో ఈ సంఖ్య 6.9 కాగా, మహానగరములలో 13.5. అనగా నలుబది మంది కూర్చున్న నగరపు తరగతి గదిలో సుమారు ఐదుగురు! 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థగా ఏర్పడి, 1974లో మైసూరు కాలపు ప్రభుత్వ మానసిక వైద్యశాలతో కలసి నేటి రూపము దాల్చిన ఆ సంస్థ పేరు వినగనే “పిచ్చాసుపత్రి” అని మొగము త్రిప్పుకొనువారు నేటికిని కలరు. అమ్మాయికి సంబంధములు కుదరవను భయముతో నెలల తరబడి బాధను దాచిపెట్టు ఇండ్లు తక్కువేమియు కాదు. ఆ దాపరికమునకు మూల్యము చెల్లించునది ఆ బిడ్డయే.

ఈ వయస్సున దిగులు ఎల్లప్పుడు కన్నీటి రూపమున రాదు. చీటికి మాటికి కోపము, కారణము తెలియని తలనొప్పి, కడుపునొప్పి, పగలు నిద్ర, రాత్రి జాగరణ, ప్రాణమువలె చూచుకొన్న క్రికెట్టు బ్యాటును మూలన పడవేయుట - ఇవియే దాని వేషములు. పెద్దలు దీనిని “పొగరు”, “సోమరితనము” అని పిలుతురు. పిల్లలన్న తరువాత ఒకనాడు అలుగుట సహజమే. కాని మునుపటి స్వభావమునకు భిన్నమైన మార్పు రెండు వారములు దాటి నిలిచినచో దానిని స్వభావదోషమని త్రోసివేయరాదు.

అప్పుడు చేయవలసిన మొదటి పని వినుట. ఇది చెప్పినంత సులభము కాదు. పిల్లవాడు రెండు మాటలు చెప్పగనే తండ్రి తన చిన్ననాటి కష్టములు ఏకరువు పెట్టును. తల్లి కంటతడి పెట్టును. అంతటితో వాడు నోరు మూసికొనును. హవాయి ద్వీపములలోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ మొదలగువారు దశాబ్దముల పాటు పరిశీలించిరి. దారిద్ర్యము, ఇంటి కలహములు మొదలగు కష్టముల నడుమ పెరిగినవారిలో మూడవ వంతు మంది చక్కగా స్థిరపడిరి. అట్టివారిలో తరచుగా కనబడిన అంశమేమనగా, చిన్నతనమున వారిని ఆదరించిన పెద్ద ఒక్కరైనను ఉండుట. ఆ ఒక్కరు తల్లిదండ్రులే కానక్కరలేదు. చిక్కపేటలో అంగడి పెట్టుకొన్న మేనమామ కావచ్చును, పిన్ని కావచ్చును, లెక్కలు చెప్పు మాస్టారు కావచ్చును. తీర్పు చెప్పక, మధ్యలో అడ్డుతగులక, విన్నదానిని బంధువుల యిండ్లలో చాటక యుండిన చాలును.

బిడ్డ మాటలలో జీవితముపై విరక్తి ధ్వనించినచో ఒక ప్రశ్న సూటిగా అడుగవలెను: “చనిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా నాయనా?” అడిగినచో లేని ఆలోచన పుట్టునని పెద్దలు జంకుదురు. అట్లు జరుగదని పరిశోధనలు తెల్పుచున్నవి; పైగా ఆ ప్రశ్నతో అనేకులకు గుండె బరువు తగ్గును. అవునని చెప్పినచో మందలింపు తగదు. ఒంటరిగా విడువరాదు. ఇంటిలోని మాత్రలు, పురుగుమందులు అందకుండ తాళము వేయవలెను. ఆనాడే వైద్యుని యొద్దకు వెంట తీసికొని పోవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 అను నంబరున రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును; తెలుగులోను మాట్లాడవచ్చును. పోలీసు కేసగునని వెనుదీయు తల్లిదండ్రులు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమును తెలిసికొనవలెను. ఆత్మహత్యాయత్నము చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో నున్నట్లే అది భావించును, వారిని శిక్షింపరాదనును.

చికిత్స మొదలైన పిదప మరియొక చిక్కు కలదు. దిగులుకు ఇచ్చు మందులు పనిచేయుటకు కొన్ని వారములు పట్టును. పది దినములలో గుణము కనబడలేదనియో, కొంచెము నవ్వగనే నయమైనదనియో వైద్యునికి చెప్పకుండ మాన్పించువారు పెక్కురు. మేనమామ వంటి వారి అవసరము అప్పుడే అధికము. ఆదివారము నాడు పిల్లవానిని లాల్‌బాగునకు వెంటబెట్టుకొని పోయి, వాడు మాటలాడిన వినవచ్చును, మాటలాడకున్న ప్రక్కన నడువవచ్చును. మార్కుల సంగతి మరియొక వారమునకు వాయిదా వేయవచ్చును.