నిన్న నేనేమన్నా అన్నానామ్మా?

సమస్య

అయ్యా,

మాది తర్లుపాడు. నాకు 41 ఏండ్లు. మా మామగారికి 74. మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో 30 ఏండ్లకు పైగా గుమాస్తాగా చిట్టా, ఆవర్జాలు వ్రాసిన మనిషి. మూడేండ్ల నుండి ఒక పూట ఉన్నట్లు మరొక పూట ఉండడం లేదు. పొద్దున పేపరు చదివి కంభం చెరువు సంగతులు చెప్పిన మనిషే, మధ్యాహ్నానికి పంచె ఎట్లా కట్టుకోవాలో తెలియక చేతిలో పట్టుకొని నిలబడిపోతారు. గోడవంక చూస్తూ గంటసేపు కదలరు. వసారాలో చిన్నపిల్లలు కూర్చున్నారని, వాళ్ళకు బువ్వ పెట్టమని అంటారు. మా అత్తగారు బ్రతికి ఉన్ననాడే, ఆయన నిద్రలో కేకలు వేసి చేతులు విసురుతున్నారని వేరే మంచం వేసుకున్నారు. గోల తగ్గడానికని ఒక వైద్యుడిచ్చిన మందుతో కొయ్యబారిపోయి పది రోజులు లేవలేదు. చివరకు గుంటూరులో నరాల డాక్టరు చూసి, లూయీ బాడీ డిమెన్షియా అన్నారు.

మా ఆడపడుచు రెండు నెలలకొకసారి గిద్దలూరు నుండి వస్తుంది. ఆమె గడపలో అడుగుపెడితే ఆయనకు ఎక్కడలేని తెలివి వస్తుంది. మొన్న పదిమందిలో కూర్చోబెట్టి, "నాయనా, పదిహేడు పన్నెండ్లు ఎంత?" అని అడిగింది. తడుముకోకుండా రెండువందల నాలుగు అన్నారు. "చూశారా, మా నాయనకేమీ లేదు. చాకిరీ తప్పించుకోవడానికి ఈమే పిచ్చివాణ్ణి చేసింది" అన్నది. ఇరుగుపొరుగు వాళ్ళు ఆయనే నటిస్తున్నాడంటారు. ఈ తెలివి ఉన్నప్పుడే రెండెకరాల కాగితాల మీద సంతకం పెట్టించాలని ఆమె తొందర. మా ఆయన ఎవరికీ బదులు చెప్పరు. తల వంచుకొని పొలానికి వెళ్ళిపోతారు.

ఇంకొక మాట. బాగున్న పూట మామగారు నన్ను పిలిచి, నెమ్మదిగా, "నిన్న నేనేమన్నా అన్నానామ్మా?" అని అడుగుతారు. ముందురోజు నన్ను దొంగదని తిట్టి ఉంటారు. నేను, "ఏమీ అనలేదు మామా" అంటాను. ఆయన నా ముఖం చూసి ఊరుకుంటారు. ఒక్కొక్కసారి నాకే అనుమానం వస్తోంది, నిజంగా నటిస్తున్నారా అని. ఆయనను ఏదైనా ఆశ్రమంలో చేర్చమంటారా?

— ఒక కోడలు, తర్లుపాడు

సలహా

అమ్మా,

సంతకములు, ఆశ్రమములు, ఆడపడుచుల నిష్ఠురములు నాకు వచ్చు ఉత్తరములలో నిత్యము కనబడునవే గనుక, మీ ఉత్తరమును చదివి ప్రక్కన పెట్టబోయిన వాడను, "ఆయన నా ముఖం చూసి ఊరుకుంటారు" అను వాక్యము దగ్గర ఆగిపోయినాను. ఈ ప్రత్యుత్తరము ప్రధానముగా ఆ వాక్యమునకే.

అయినను మొదట ఆ నటన యను మాటను మీ యింటినుండి వెడలగొట్టవలెను. మెదడు కణములలో ఆల్ఫా సైన్యూక్లియిన్ అని నేడు తెలిసిన మాంసకృత్తు ముద్దలు కట్టుటను 1912లో ఫ్రెడ్రిక్ లూయీ అను జర్మను వైద్యుడు పార్కిన్సన్స్ రోగులయందు చూచి వర్ణించినందున ఆ ముద్దలకు ఆయన పేరు వచ్చినది. అవే మెదడు పైపొరలోనికి వ్యాపించి మతిని కలతపెట్టిన రోగిని గూర్చి జపానులో కొసాకా కెంజి 1976లో వ్రాసినాడు. ఈ వ్యాధి స్వభావమును బోధపరచుకొనుట తెలుగువారికి మిక్కిలి సులభము కావలెను. ఏలయన, ధారణ వేరు, అవధానము వేరు అని మనకు తెలియును. చెప్పిన పద్యములను మరచిపోక తుదకు అప్పగించుట ధారణ. పృచ్ఛకులు ఎనిమిది వైపులకు లాగుచుండగా, నడుమ గంట మ్రోగుచుండగా, చిత్తమును చెదరనీయక నిలుపుట అవధానము. అల్జైమర్స్ వ్యాధిలో సాధారణముగా తొలుత సన్నగిల్లునది ధారణ. లూయీ వ్యాధిలో తడబడునది అవధానము. అదియు ఏకరీతిగా తరిగిపోక, ఒక జామున నిలిచి, మరుజామున జారి, తెల్లవారి మరల నిలుచును. పదిహేడు పన్నెండ్ల లెక్క మీ మామగారిలో భద్రముగనే యున్నది. దానిని అందుకొనవలసిన ఎరుక ఆ పూట నిలిచినది, అంతే.

మీ ఆడపడుచుగారికి అంకెలు కావలెనన్నచో అవియు కలవు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2004లో నాలుగు లక్షణములను వెదకిరి: పగలు తరచు మగతగా నుండుట, పగటివేళ రెండు గంటలైనను నిద్రించుట, శూన్యములోనికి చాలసేపు చూచుచుండుట, ఉన్నట్టుండి మాట పొంతన తప్పుట. వీనిలో మూడైనను ఉన్నవారు లూయీ రోగులలో నూటికి 63 మంది, అల్జైమర్స్ రోగులలో 12 మంది. ఆరోగ్యవంతులైన వృద్ధులలో నూటికి ఒక్కరైనను లేరు. క్రొత్త ముఖము కనబడినప్పుడు కొంతసేపు తెలివి పుంజుకొనుటయు, అతిథి బండి కదలిన పిమ్మట అలసి సోలిపోవుటయు ఇట్టివారిని కనిపెట్టుకొని యుండు కుటుంబములవారు తరచు చెప్పునవే. డాక్టరు ఎదుట కూడ ఇట్లే జరుగును.

మందుల సంగతి రెండు మాటలలో చెప్పెదను. ఆయనను కొయ్యబార్చిన ఆ మందు పేరు కనుగొనుడు; హాలోపెరిడాల్ వంటివి ఈ రోగులకు ప్రాణాపాయమును తేగలవు గనుక, ఆ హెచ్చరికను ఫైలు అట్టమీద పెద్ద అక్షరములతో వ్రాసిపెట్టుడు. రివాస్టిగ్మిన్, డోనెపెజిల్ వంటివి కొందరిలో ఎరుకను కొంత నిలుపును. గుంటూరు వైద్యునే అడుగుడు. ఎన్నడును లేనంత మగత హఠాత్తుగా కమ్మి రెండు దినములు విడువనిచో, వ్యాధి ముదిరినదని ఊరుకొనరాదు. జ్వరమో, మూత్రములో చీమో, మలబద్ధకమో, మీ ప్రాంతపు వేసవిలో నీరు చాలకపోవుటయో కారణమై యుండవచ్చును. ఇక ఆశ్రమము. మీ ఒంటిలో ఓపిక లేనినాడు సహాయము వెదకుకొనుట దోషము కాదు, వృద్ధుల కొరకు 14567 అను ఫోను నంబరును ఉన్నది. కాని మీరీ ప్రశ్న అడిగినది అవమానము చేతనే యని నా నమ్మకము.

ఆ అవమానమునకు మొదటి బాధ్యుడు మీ భర్త. కన్నతండ్రి పంచె కట్టుకొనలేక నిలుచుండుటను ప్రతిదినము చూచుచు, తోబుట్టువు పదిమందిలో భార్యను అబద్ధాలకోరుగా నిలబెట్టినప్పుడు పొలములోనికి తప్పుకొను మగవాని మౌనమునకు శాంతమని పేరు పెట్టుట నాకు చేతకాదు. ఆయన నోరు తెరచి, "అక్కా, నాలుగు రాత్రులు ఇక్కడ పడుకొని చూడు" అని ఒక్కమాట అనవలసినది. మన కుటుంబములలో తరతరాలుగా జరుగుచున్న అన్యాయమిది: చుట్టపుచూపుగా వచ్చినవారు రోగియొక్క మంచి గడియను అనుభవించి తీర్పు చెప్పి పోవుదురు, తక్కిన గడియలన్నియు మోసినవారు దోషులై తల వంచుకొని నిలుచుందురు. కూతురి ప్రేమ అబద్ధమని నేననను. తండ్రి మునుపటివలెనే ఉన్నాడని నమ్మవలెనను ఆశ ఆమెచే ఆ లెక్క అడిగించియుండవచ్చును. కాని బడిపిల్లవానినివలె నిలబెట్టి ఎక్కము అడుగుట, జీవితమంతయు ఒరుల లెక్కలు తప్పులేకుండ వ్రాసిన మనుష్యునకు ఎంతటి పరాభవమో ఆమె ఆలోచింపలేదు.

సంతకము మాట కూడ ఇక్కడనే వచ్చును. సాధారణముగా మతి చెడియుండి అప్పుడప్పుడు మతి కుదురువాడు, కుదిరిన వేళ ఒప్పందము చేసికొనవచ్చునని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. కాని ఆ వేళ అతడు విషయమును తానే గ్రహించి, తన మేలుకీడులు తానే తూచుకొనగలిగి యుండవలెనని కూడ చెప్పుచున్నది. కూతురు వ్రేలు చూపిన చోట పెట్టిన సంతకము అట్టిది కాదు. పొలము పంపకము మీ మామగారే ఎత్తినచో, ఆయన కోరిన దినమున, వైద్యుని ధ్రువపత్రముతో, సంతానమందరి యెదుట జరుగవలెను. ఆ గడియ ఆయనది. నూటయేబది యేండ్లనాటి చట్టము గుర్తించిన ఈ మాటను ఇంటివారు గుర్తింపకపోవుట నాకు బాధ కలిగించుచున్నది.

ఇప్పుడు మీ సంగతి. "ఏమీ అనలేదు మామా" అని మీరు అనుట దయచేతనే. దొంగదన్న మాటను దిగమ్రింగి అట్లు చెప్పగలిగిన మీకు నేను నమస్కరించుచున్నాను. కాని అమ్మా, ఆ సమాధానము ఆయనను ఒంటరిని చేయుచున్నది. ఆయనకు ఏదో లీలగా తెలియును; మధ్యాహ్నము ఒకటి జారిపోయినదని, ఇంటిలోని ముఖములు మారినవని తెలియును. తెలిసి, ధైర్యము కూడగట్టుకొని, ఇంటిలో నమ్మదగిన మనిషియని మిమ్మునేరి అడుగుచున్నాడు. మీరు ఏమియు లేదన్నప్పుడు, తన అనుమానమును చెప్పుకొనుటకు తోడు మరి ఎవ్వరును లేక, మీ ముఖము చూచి ఊరుకొనుచున్నాడు. చిత్తము చెదరిన వేళ ఆయనతో వాదింపవద్దు. వసారాలోని పిల్లలు ఆయనను భయపెట్టనంతవరకు, లేరని దబాయింపనును వద్దు. చిత్తము కుదిరి తానై అడిగిన వేళ మాత్రము ఆయనకు నిజము కావలెను. అది ఆయన హక్కు.

ఒక నోటుపుస్తకము కొనుడు. ఏ వేళ నిద్రించినారు, ఎంతసేపు గోడవంక చూచినారు, ఏ వేళ తెలివిగా మాట్లాడినారు, గంటలతో సహా ప్రతిదినము వ్రాయుడు. వైద్యుని యొద్దకు పోవునప్పుడు ఆ పుస్తకమే మీకు సాక్షి. ఆడపడుచు వచ్చినప్పుడును అదియే సాక్షి. దానిని ఆయనకు తెలియకుండ దాచవద్దు. ముప్పది యేండ్లు చిట్టా వ్రాసిన చేతికి తన దినముల చిట్టాను చూపించుటలో తప్పేమున్నది? ఆయన పొరపాట్లు దిద్దవచ్చును, తానే ఒక పంక్తి వ్రాయవచ్చును.

మరల ఆయన అడిగినప్పుడు పని ఆపి మంచము దగ్గర కూర్చుండుడు. తిట్లన్నియు తిరిగి వినిపింపనక్కరలేదు. "నిన్న మధ్యాహ్నం నీకు బాగలేదు మామా. పిల్లలు కనబడినారన్నావు, నన్ను గుర్తుపట్టలేదు, నా మీద కోపపడినావు. అది జబ్బు, నీవు కాదు. సాయంత్రానికి తేరుకొని అన్నం తిన్నావు" అని చెప్పుడు. అంతట ఆయన ఏమందురో, ఏమి అడుగుదురో, ఏమి కావలెనందురో శ్రద్ధగా విని ఆ పుస్తకములోనే తేదీ వేసి వ్రాయుడు. ఆ పుట మీ భర్తచేత చదివింపుడు. వీలైనప్పుడు నాకును వ్రాయుడు.