ఊరికేం మిగులుతుందో రాయించు

చుండూరు

బుజ్జీ,

సోలార్ కంపెనీ వాళ్ల కాగితాలు అందాయి, తీరిగ్గా చదివాను. రెండు మెగావాట్ల ప్లాంటు, పదెకరాలు. అందులో మీ నాన్న నీకు వదిలి వెళ్లిన నాలుగెకరాలు పోగా మిగతా ఆరూ పక్క రైతులవి. వాళ్లకి నేను నచ్చజెప్పాలంటావు. "ఊరందరికీ మంచిది మామయ్యా" అని రాశావు చూడు, ఆ మాట దగ్గరే ఆగాను. సోలార్ మంచిదా చెడ్డదా అని నాతో వాదన పెట్టుకోకు. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ణి, ఎండలోంచి కరెంటు వస్తుంటే నాకంటే సంబరపడేవాడు ఈ ఊళ్లో ఉండడు. కానీ ఆ మంచి ఎవరికి, ఎంత, ఏ కాగితం మీద అని తేలకుండా నేను ఒకరి గడప తొక్కను.

ముందు కరెంటు సంగతి. పక్క రైతు మొట్టమొదట అడిగేది "మనూళ్లో తయారైతే మనకి బిల్లుండదుగా?" అని. ఉంటుంది. ప్లాంటు కరెంటు 11 కేవీ లైను మీద సబ్‌స్టేషన్‌కి పోతుంది, కరెంటు పంపిణీ సంస్థ, అదే డిస్కం, కొనుక్కుంటుంది, మన మీటరు మామూలుగానే తిరుగుతుంది. మనకి దక్కేదల్లా, దగ్గర్లో పుట్టిన కరెంటు దగ్గర్లోనే ఖర్చయి పగటిపూట ఓల్టేజీ నిలబడటం. లైను చివరనున్న రైసు మిల్లుకి అది తక్కువేం కాదు. రెండో భ్రమ, ఊళ్లో కరెంటు పోయినా ప్లాంటు వెలుగుతూ ఉంటుందని. లైను పోతే ప్లాంటు కూడా ఆ క్షణాన ఆగిపోవాలి. ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుని స్తంభమెక్కినవాడు లైన్లో కరెంటు లేదన్న నమ్మకంతోనే తీగ మీద చెయ్యి వేస్తాడు. అవతలి కొసనుంచి ప్లాంటు కరెంటు తోస్తూ ఉంటే వాడు ప్రాణాలతో దిగడు. అందుకే ఇన్వర్టర్లకి తమంతట తాము ఆగిపోయే ఏర్పాటు పెడతారు. అది ఉన్నా సరే, ఎర్తు రాడ్లు తగిలించకుండా తీగ ముట్టుకోవద్దని నా కింద పనిచేసిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి.

రాయలసీమలో బోర్లకి పగలు తొమ్మిది గంటలు కరెంటివ్వాలి, సోలార్‌కి అక్కడ సరైన జోడీ ఉంది. మనది కృష్ణా పశ్చిమ డెల్టా, కాలువ నీళ్లు, మోటార్లు తక్కువ. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులకి ఏరియేటర్లు తిరగాల్సింది తెల్లవారుజామున, నీళ్లలో ప్రాణవాయువు అడుగంటే వేళకి. అప్పటికి సూర్యుడింకా లేవడు. కాబట్టి "రైతుకి కరెంటు" అని బ్రోచర్లో వేసిన బొమ్మ మన ఊరిది కాదు.

ఇక డబ్బు. పావగడ పేరు వినే ఉంటావు. కర్ణాటకలో ఉన్నా ఉమ్మడి అనంతపురం జిల్లా దాదాపు చుట్టుకుని ఉండే తాలూకా, అక్కడి ఇళ్లలో తెలుగు బాగా వినబడుతుంది. 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు కట్టారు, 2018లో మొదలై 2019 చివరికి పూర్తయింది. రైతుల భూమి కొనలేదు, కౌలుకి తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21 వేలు, రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు. వానలు మొహం చాటేసి వేరుశనగ విత్తనం కూడా తిరిగిరాని మెట్టకి ఆ డబ్బు దేవుడిచ్చిన వరమే, కాదనను. నీ కాగితంలోనూ అదే పద్ధతి, రెండేళ్లకి అయిదు శాతం. ఒక్కసారి లెక్కవేసి చూడు. అలా పన్నెండుసార్లు పెరిగినా, ఇరవై నాలుగేళ్లకి 21 వేలు 37,700 దగ్గర ఆగుతుంది. వెనకటి ఇరవై నాలుగేళ్లలో వడ్ల ధర ఎంత పెరిగిందో తెలుసా? మామూలు రకం క్వింటాలుకి ప్రభుత్వ మద్దతు ధర 2000-01లో 510 రూపాయలు, 2024-25లో 2,300. నాలుగున్నర రెట్లు. మన పెద్దవాళ్లు కౌలు బస్తాల్లో మాట్లాడుకున్నది ఊరికే కాదమ్మా. బస్తా ధర పెరిగితే కౌలూ దాంతోపాటే పెరుగుతుంది, ఏ వకీలూ చెప్పనక్కర్లేదు. కంపెనీవాడితో కూడా బస్తాల్లోనే మాట్లాడు. "ఏటా మద్దతు ధర ప్రకారం ఇన్ని క్వింటాళ్ల వడ్ల విలువ" అని రాయమను. వాడు మొహం చిట్లిస్తే, పాతికేళ్లలో డబ్బు విలువ పడిపోయే నష్టం ఎవరి నెత్తిన పెడుతున్నాడో నీకే తెలుస్తుంది.

2019లో కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకం 'ఎ' భాగంలో నీకు పనికొచ్చే విషయం ఒకటుంది. అరమెగావాటు నుంచి రెండు మెగావాట్ల దాకా ప్లాంటుని, సబ్‌స్టేషన్‌కి అయిదు కిలోమీటర్ల లోపు, రైతులే పెట్టుకోవచ్చు, లేదా సహకార సంఘం, పంచాయతీ, రైతు ఉత్పత్తిదారుల సంఘం పెట్టొచ్చు. డబ్బు పెట్టలేకపోతే భూమి మాత్రం డెవలపర్‌కి కౌలుకివ్వొచ్చు. అప్పుడు ఆ కౌలుని డెవలపర్‌కి చెల్లించే సొమ్ములోంచి డిస్కమే నేరుగా రైతు ఖాతాలో వేసేలా కోరుకునే వీలుంది. కంపెనీ ఇంకొకరికి అమ్ముడుపోయినా, ఆఫీసు హైదరాబాదు నుంచి ఢిల్లీకి మారినా నీ డబ్బుకి ఢోకా ఉండదు. నీ కాగితాల్లో ఆ ముక్క ఎంత వెదికినా కనబడలేదు.

ఇప్పటిదాకా చెప్పింది భూమి ఉన్నవాళ్ల లెక్క. ఊరంటే మనమే కాదుగా. నీ నాలుగెకరాలూ చేస్తున్నది కౌలు రైతు. 2019 చట్టం ప్రకారం అతనికి సాగు హక్కు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి, అదీ పదకొండు నెలలకి. నువ్వు పెట్టావా? పెట్టకపోతే రేపు కంచె వేసిన రోజున అతను ఏ లెక్కలోనూ లేనివాడు. ఉమ్మడి అనంతపురం జిల్లా ఎన్.పి.కుంట సోలార్ పార్కు దగ్గర పేచీలు అక్కడే పుట్టాయి. ఏళ్ల తరబడి దున్నినా చేతిలో కాగితం లేనివాళ్లు పరిహారం దగ్గరికొచ్చేసరికి బయట నిలబడ్డారు.

తర్వాత కూలీలు. నాట్లు, కలుపు, కోత, సంక్రాంతి దాటాక మినుము పీకుడు. యంత్రాలొచ్చి సగం పని తినేశాయి, ఆ మిగిలిన సగం మీదే దళితవాడ ఆడవాళ్లకి ఏడు గడవాలి. రెండు మెగావాట్ల ప్లాంటు నిలబడ్డాక అందులో పని ఇద్దరు ముగ్గురికే. ఒక వాచ్‌మన్, గడ్డి కోసి పలకలు కడిగే మనిషి, ఎప్పుడన్నా వచ్చే టెక్నీషియన్. నీ బ్రోచర్లో "వందలాది ఉద్యోగాలు" అన్నది కట్టే నాలుగు నెలల మాట.

బుజ్జీ, 1991 ఆగస్టు 6న ఈ ఊళ్లో ఎనిమిదిమంది దళితుల్ని చంపేశారు. నువ్వప్పటికి పుట్టలేదు. దానికి ముందే వాళ్లని వెలివేశారు, పొలం పనికి పిలవడం మానేశారు. కంపెనీ కంచెకీ ఆ పాపానికీ పోలిక పెట్టడం లేదు. కానీ పనికి పిలుపు ఆగిపోతే ఇంట్లో పొయ్యి ఏమవుతుందో తెలిసిన మనుషులు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారు. అందుకని గ్రామసభ పెడితే పంచాయతీ ఆఫీసులో కుర్చీలేసి ముగించొద్దు, దళితవాడలో కూడా పెట్టు. కంపెనీవాణ్ణి అక్కడ కూడా నిలబడి చెప్పమను. ముందు వాళ్లడిగే ప్రశ్నలు విను, సంతకం మాట తర్వాత.

ఊరి వాటా అంటే నేననుకునేది ఇది. రెండు మెగావాట్లకి ఏడాదికి సుమారు ముప్ఫై లక్షల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కి అయిదు పైసలు ఊరికి తీసిపెట్టమంటే లక్షన్నర. కంపెనీకి అదొక లెక్క కాదు. పంచాయతీకి వీధిదీపాల బిల్లూ, మంచినీళ్ల మోటారు బిల్లూ ఎంత బరువో బకాయిల జాబితా చూసినవాణ్ణి నాకు తెలుసు. ఆ లక్షన్నర ఒప్పందంలో యూనిట్ల లెక్కన ఉండాలి. "సామాజిక బాధ్యత కింద తగిన సాయం" అని రాస్తే మాత్రం, మొదటి ఏడాది బడికి నాలుగు బల్లలిచ్చి ఫొటో దిగుతారు, రెండో ఏడాదికి ఫోనెత్తరు.

మనది నల్లరేగడి అన్నది మర్చిపోకు. వానకి ఉబ్బుతుంది, వేసవిలో చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. లోతుగా పాతని గుంజని ఆ నేల ఏడాదికింత చొప్పున పైకి నెట్టేస్తుంది, నేను వేయించిన స్తంభాలే వాలిపోతే చూశాను. పైగా వాళ్లు మెరక తోలి, చుట్టూ గట్టు పోస్తారు. అప్పుడు పై చేలల్లో నీళ్లు ఎటు పోవాలి? మురుగు బోదె ఒక్కటి మూసుకుపోతే నీ వెనకున్న రైతుల వరి మునుగుతుంది, నిన్ను తిట్టుకునేదీ వాళ్లే. బోదెలు ఇప్పుడున్నచోటే ఉంచుతామని సర్వే మ్యాపుతో సహా రాయించు. గాలివాన సంగతి నీకు చెప్పాలా, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. పాతికేళ్లయ్యాక ఆ అద్దాలు ఎవరు పీకుతారో కూడా అడుగు. 2022 ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ పలకల్నీ చేర్చారు, బాధ్యత పలకల తయారీదారుల మీద ఉంది. కానీ పొలంలోంచి దిమ్మెలు తీయించే ఖర్చుకి నీ దగ్గర డిపాజిట్ ఉండాలి.

నా మాటేమిటంటావా? కాలువ కింద రెండు పంటలు పండే మాగాణిలో అద్దాలు పరచడం నాకు ఒప్పుదల కాదు. బీపీటీ 5204 వరి పుట్టింది ఈ బాపట్లలోనే, ఇలాంటి నేలని నమ్ముకునే. కుసుమ్ నిబంధనల్లో కూడా ముందు బీడు భూములే అన్నారు, సాగు భూమైతే కింద పైరు పెరిగేంత ఎత్తున పలకలు పెట్టాలన్నారు. సముద్రం వైపు చౌడెక్కి ఏమీ పండని నేలలున్నాయి, ఉప్పుగాలికి తుప్పు పట్టని ఇనుము వాడితే ప్లాంటు అక్కడ పెట్టొచ్చు. తెనాలి చుట్టూ మిల్లుల రేకులున్నాయి, దుగ్గిరాల పసుపు గోడౌన్లున్నాయి, పలకలు వాటి మీద వేయొచ్చు, వాళ్లకి కరెంటు కావలసిందీ పగలే. గుజరాత్‌లో 2012లోనే మెహసానా జిల్లా చంద్రాసన్ దగ్గర నర్మద కాలువ మీద 750 మీటర్ల మేర పలకలు వేసి ఒక మెగావాటు తీశారు. మన భీమవరం దగ్గర లోసరి కాలువ మీదా పెట్టారు. ఇనుము ఖర్చెక్కువ, పూడిక తీసేటప్పుడు అడ్డం, అదీ నిజమే. బాపట్ల ఇసుక నేలల్లో ఫిల్టర్ పాయింట్లున్న రైతులకైతే ధుండి కథ చెప్పాలి. గుజరాత్ ఖేడా జిల్లాలో ఆరుగురు రైతులు సోలార్ పంపులతో సహకార సంఘం పెట్టుకుని, తడి పెట్టగా మిగిలిన కరెంటు గ్రిడ్‌కి అమ్ముకున్నారు. యజమానులూ వాళ్లే, అమ్మేదీ వాళ్లే. మన సహకార సంఘం వాళ్లని అలాంటిదానికి కూర్చోబెట్టడానికైతే నేను ఈ మోకాళ్లనొప్పులతో కూడా గుమ్మం గుమ్మం తిరుగుతాను.

నీకు ఇప్పటికిప్పుడు ఏదన్నా చేయాలనుంటే మీ నాన్న ఇంటి డాబా ఖాళీగా ఉంది. సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి కేంద్రం 78 వేలు సబ్సిడీ ఇస్తోంది. మా అల్లుడికి పని తెలుసు, నేను దగ్గరుండి పెట్టిస్తాను.

పొలం నీది, ఇవ్వాలో మానాలో నువ్వే తేల్చుకో. ఇచ్చేటట్టయితే మాత్రం వడ్ల లెక్కన కౌలు, డిస్కం నుంచి నేరుగా జమ, కౌలు రైతుకి పరిహారం, ఊరికి యూనిట్‌కి అయిదు పైసలు, వీటికి కంపెనీ జవాబు రాతలో తెప్పించు. ఫోన్లో చెప్పింది నాకొద్దు. అది వచ్చాక బయల్దేరు, వచ్చేటప్పుడు పాస్‌పుస్తకం, అడంగల్ కాపీ తెచ్చుకో. మీ కౌలు రైతుని కూడా అదే రోజున రమ్మంటాను.

ఇట్లు,
మీ మామయ్య