ఊరంతా ఒక్కమాటపై సేద్యము - ఏనబావి అనుభవము

పురుగుకు పొలముగట్టు అడ్డము కాదు. ఒక రైతు ఎంత శ్రద్ధ వహించినను, పక్క చేనిలో పెరిగిన పురుగు అతని పైరు మీదికి రాక మానదు. కావున సస్యరక్షణ ఒక్కని పని కాదు, ఊరి పని. ఈ సంగతిని ఆచరణలో చూపిన పల్లె జనగామ జిల్లా, లింగాలఘనపురం మండలములోని ఏనబావి.

1997-98లో నాటి వరంగల్లు జిల్లాలో పత్తిపై లద్దెపురుగు విరుచుకుపడినది. మందులకై చేసిన అప్పులు తీరక అనేకమంది రైతులు ప్రాణములు తీసుకొనిరి. ఏనబావి ఆ జిల్లాలోని పల్లెయే. సుమారు 50 కుటుంబములు, 280 ఎకరముల సేద్యము గల ఈ ఊరు, 2006 నాటికి పురుగుమందులను, రసాయనిక ఎరువులను పూర్తిగా మానినట్లు ప్రకటించుకొన్నది. జనగామలోని క్రాప్స్ సంస్థయు, హైదరాబాదు తార్నాకలో కార్యాలయము నడిపిన సుస్థిర వ్యవసాయ కేంద్రమును తోడ్పడినవి. అయితే నిర్ణయము ఊరివారిదే.

మంటలతో మొదలు

ఈ మార్పునకు నాంది ఎర్ర గొంగళిపురుగు నివారణ. దీని కోశములు వేసవి అంతయు నేలలో దాగియుండును. తొలకరి వానలు పడిన కొద్ది రోజులలో రెక్కల పురుగులు వెలువడి వెలుగునకు వచ్చును. ఆడపురుగులు గుడ్లు పెట్టకముందే, చీకటి పడినది మొదలు రాత్రి 11 గంటల వరకు చేలలో మంటలు వేసినచో అవి వచ్చి మాడిపోవును. ఒక్కరు వేసిన మంట చాలదు. ఒకే రాత్రి ఊరంతా వేయవలెను. మిగిలిన గొంగళ్లు వలసపోవు దారిలో కందకము త్రవ్వి, జిల్లేడు, అడవి ఆముదము కొమ్మలు పరచినచో వాటిపై చేరును. ఉదయముననే ఏరి చంపవచ్చును.

దినచర్యలో చేర్చుకొనవలసిన పనులు

1. ప్రతి ఉదయము ఇంటికొకరు చేను తిరిగి ఆకుల అడుగు భాగమును పరీక్షించవలెను.

2. పత్తి చుట్టూ ఆముదము విత్తవలెను. దానిపై లద్దెపురుగు పెట్టిన గుడ్లను ఆకుతో సహా త్రుంచి నాశనము చేయవలెను.

3. పక్షులు వాలుటకు ఎకరమునకు 10 పంగల కర్రలు నాటవలెను.

4. వేపపప్పు 5 కిలోలు దంచి మూటగట్టి, 10 లీటర్ల నీటిలో రాత్రంతా నానవేయవలెను. మరునాడు పిండి వడగట్టి, మొత్తము 100 లీటర్లగునట్లు నీరు చేర్చి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి సాయంకాలము చల్లవలెను. పురుగు చిన్నదిగా ఉన్నప్పుడే ఇది పనిచేయును.

5. పేడ, పశువుల మూత్రము వృథాపోనీయరాదు. వేసవిలో చెరువు మట్టి తోలుకొనవలెను.

ముందే ఆలోచించవలసినది

ఈ పద్ధతిలో మందుల ఖర్చు తగ్గును గాని, ఒంటిశ్రమ పెరుగును. పశువులు లేనివారికి ఎరువు చాలదు. రసాయనిక ఎరువులను ఒక్కసారిగా మానినచో తొలి ఏండ్లలో దిగుబడి తగ్గవచ్చును. కావున ముందు పురుగుమందులు తగ్గించి, పేడ ఎరువు సమకూర్చుకొన్న తరువాత రెండవ అడుగు వేయుట మేలు. పశువులున్నవారు లేనివారికి ఎరువు ఇచ్చి, బదులుగా పని చేయించుకొనినచో ఇరువురికిని గిట్టును.

గ్రామాధికారులు తొలకరికి ముందే గ్రామసభ జరిపి, ఏ పొలములో ఎవరు మంట వేయవలెనో నిర్ణయించవలెను. వాన పడిన నాడే డప్పు చాటింపు వేయించవలెను. ఆ ఒక్క రాత్రి కలిసివచ్చిన ఊరు, తక్కిన పనులకు కూడ కలిసివచ్చును.