ఉప్పు తోడుంటేనే గ్లూకోజు ఒంటికి పడుతుంది

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. వానాకాలం మొదలైతే చాలు, నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. ఓఆర్‌ఎస్ ఉప్పగా ఉందని ఉమ్మేస్తాడు, గ్లూకోజు పొడి కలిపిస్తే గటగటా తాగేస్తాడు. అదొక్కటే ఇస్తే చాలదా? మా అత్తమ్మ మాత్రం జహీరాబాద్ తీసుకెళ్లి సెలైన్ ఎక్కించమంటుంది.
– ఒక తల్లి, ఝరాసంగం

జవాబు: చాలదమ్మా. మనం పీల్చిన ఆక్సిజన్ ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి తనంతట తానే రక్తంలోకి చేరుతుంది. దాన్ని వ్యాపనం అంటారు. గ్లూకోజు అంత సులువుగా కణంలోకి పోలేదు. చిన్నపేగు లోపలి కణాల మీద దానికోసం ఒక ప్రత్యేక ప్రోటీన్ ఉంది. జంటగా వస్తేనే తెరుచుకునే తలుపు అది. రెండు సోడియం అయాన్లు వెంట ఉంటేనే ఒక గ్లూకోజు అణువును లోపలికి రానిస్తుంది. అలా వచ్చిన సోడియాన్ని కణం రెండో వైపు నుంచి బయటికి తోడేస్తూనే ఉండాలి, లేకపోతే ఈ రాకపోకలు ఆగిపోతాయి. అందుకు మరో ప్రోటీన్ శక్తిని ఖర్చుచేసి, మూడు సోడియం అయాన్లను బయటికి పంపుతూ రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దీన్నే సక్రియ రవాణా అంటారు. ఉప్పూ గ్లూకోజూ వెళ్లిన వైపే నీళ్లూ వెళ్తాయి.

ఉత్త గ్లూకోజు నీళ్లలో సోడియం ఉండదు. పైగా తీపి ఎక్కువైతే ఒంట్లోని నీరే పేగులోకి దిగి, విరేచనాలు పెరుగుతాయి.

కలరా విషం కూడా ఈ మార్గాన్ని చెడగొట్టలేదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు తలదాచుకున్న బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోవస్తుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించారు. కలరా మరణాలు సుమారు 30 శాతం నుంచి 3.6 శాతానికి పడిపోయాయి. అంతటి మందు మీ ఊరి ఆశా కార్యకర్త సంచిలోనే ఉంటుంది, అత్తమ్మకు ఈ సంగతి చెప్పండి.

కలిపే కొలత ముఖ్యం. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో, చిన్నదైతే 200 మిల్లీలీటర్లలో. సగం ప్యాకెట్ గ్లాసులో వేసి అంచనాగా కలపకండి. ఉమ్మేస్తే ఒకటి రెండు నిమిషాలకో చెంచా చొప్పున పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. ఒకసారి కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. ఇది విరేచనాలను వెంటనే ఆపదు, పోయిన నీటిని భర్తీ చేస్తుంది. ఆగలేదని మానేయడమే మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. జొన్న గటక, పప్పన్నం, పెరుగన్నం ఎప్పటిలాగే పెట్టండి. జింకు మాత్ర రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు వేయండి.

దుకాణంలో డబ్బాల్లో దొరికే తీపి పానీయాలు దీనికి బదులు కావు. వాటి పేర్లలో ఓఆర్‌ఎస్ అని రాయడంపై హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరును నిషేధించింది.

కళ్లు లోపలికి పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా, మత్తుగా పడి ఉన్నా, చెంచా నీళ్లు కూడా నిలవకపోయినా అప్పుడు సెలైన్ అవసరం పడొచ్చు. దారిలో చెంచాతో పడుతూనే జహీరాబాద్ ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లండి.