పాత ఇంటి మరమ్మతు – కూలి లెక్క

1978లో ఎలక్ట్రానిక్స్ సిటీ ఏర్పడినది మొదలు మన ఆనేకల్ తాలూకాలో అద్దె యిండ్లకు గిరాకి పెరుగుచునే యున్నది. జిగణి, బొమ్మసంద్ర, అత్తిబెలె పారిశ్రామిక వాడలు విస్తరించినవి. 2025 ఆగస్టులో మెట్రో పసుపు మార్గము బొమ్మసంద్ర వరకు వచ్చినది. అందుచేత తల్లిదండ్రులలో కొందరు, ఊరిలోపల పాత యిల్లొకటి కొని బాగుచేయించి, అద్దె రాబడితో బిడ్డల కళాశాల చదువు గడుపవలెనని తలచుచున్నారు. ఆలోచన మంచిదే. కాని కొనుగోలు వెలను గంటలకొలది బేరమాడువారే మరమ్మతు కూలిని ‘ఏదో యింత’ యని వదలివేయుదురు.

కొత్త యింటికి కూలి ఎంతయగునో కొలతనుబట్టి చాలవరకు ముందే చెప్పవచ్చును. పాత యింటికి అట్లు కాదు. పెంకులు దింపవలెను, ఉబ్బిన పూత రాల్చవలెను, కుళ్ళిన వాసములు తీయవలెను. ఈ పనులకు సామాను అక్కరలేదు, అంతయు కూలియే. సందు ఇరుకైనచో లారీ లోపలికి రాదు. ఇసుక, సిమెంటు తలమీద మోసి తేవలెను, రాళ్ళముక్కలు, మట్టి తలమీదనే మోసి పారబోయవలెను. పూత రాల్చిన పిదపగాని గోడ బీటలు కనబడవు. మేస్త్రీ మోసగించెనని అప్పుడు కోపించుట న్యాయము కాదు. గోడలోపల ఏమున్నదో అతనికిని తెలియదు గదా!

ఒక లెక్క చేసి చూతము. మరమ్మతుకు సామాను 1,80,000 రూపాయలు, కూలి 1,80,000 రూపాయలు, మొత్తము 3,60,000 అనుకొందము. అద్దె నెలకు 7,000 నుండి 10,000 కు పెరిగినది. ఏటికి అదనపు రాబడి 36,000. పెట్టిన సొమ్ము తిరిగివచ్చుటకు పదియేండ్లు. నేడు ఆరవ తరగతిలోనున్న బిడ్డ అప్పటికి కళాశాల చదువు ముగించియుండును. కూలి సగము పెరిగినచో ఖర్చు 4,50,000 అగును; అనగా పన్నెండున్నర యేండ్లు. పని మూడు నెలలు సాగినచో పాత అద్దె 21,000 కూడ పోవును. ఇక ఆ 3,60,000 నూటికి ఏటికి పదిరూపాయల వడ్డీకి తెచ్చినదైనచో వడ్డీయే 36,000. పెరిగిన అద్దె యంతయు వడ్డీకే సరి. అసలులో ఒక్క రూపాయి తీరదు. నగలు కుదువబెట్టదలచిన తల్లులు ఈ లెక్కను రెండుమారులు చదువవలెను.

ఒప్పందము ఎట్లు చేసికొనవలెను? కూల్చు పనికి, అతుకుల పనికి దినకూలియే తగును. అయితే సామాను ముందురోజే చేరియుండవలెను. ఇసుక రానినాడు కూర్చున్నవారికిని కూలి ఈయవలసినదే. వారు రాయచూరునుండియో, అనంతపురమునుండియో పొట్టకూటికి వచ్చినవారు. పూతకు, నేలకు, రంగుకు చదరపు అడుగు చొప్పున మాటాడుట మేలు. మొత్తము పనిని గుత్తకిచ్చినచో సొమ్ము పని ముగిసిన భాగమునుబట్టియే ఈయవలెను. బీటలకును, తెలియని వాటికిని అంచనాపై ఐదవవంతు వేరుగా నుంచుకొనుట నా అభిప్రాయము.

ముందు కప్పు, తరువాత నీటి గొట్టములు, విద్యుత్ తీగలు, మరుగుదొడ్డి, రంగు కడపట. సిమెంటు పూతను కనీసము ఏడు దినములు తడుపవలెను. గోడ ఆరకముందే రంగు వేసినచో అది పొరలుగా లేచి, కూలి రెండవమారు పడును.

పన్ను విషయము ఒకటి కలదు. ఆదాయపు పన్ను లెక్కలో, యజమాని కట్టిన పురపాలక పన్ను పోగా మిగిలిన అద్దెలో నూటికి ముప్పది తగ్గింపు లభించును. మరమ్మతుకు ఎంత వెచ్చించినను అది మారదు. కాని కొత్త గది కట్టించుట వంటి అభివృద్ధి ఖర్చును, ఇల్లు అమ్మునాడు లాభములోనుండి తీసివేయవచ్చును. వెల్లవేయుట వంటివి అందులోనికి రావు. కావున కూలి చెల్లించిన ప్రతిమారు తేదీ, పని, మొత్తము వ్రాసి సంతకము తీసికొని, ఆ కాగితములను ఇంటి పత్రములతో కలిపి దాచవలెను.