అరుపులతో ముగిసే సర్వసభ్య సమావేశం

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ ఓనర్ల సంఘానికి ఈమధ్యే కార్యదర్శినయ్యాను. సమావేశం పెడితే గంటల తరబడి అరుపులే తప్ప ఒక్క తీర్మానమూ తేలదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీ సభలో తీర్మానమంటూ ఏదీ ముందు పెట్టకుండానే చర్చ మొదలవుతోంది. అందుకే మాట ఎటో పోతోంది. ఎజెండాలో ‘లిఫ్టు సంగతి’ అని వదిలేయకండి. ‘ఫలానా మొత్తంతో లిఫ్టు మార్చాలి’ అని రాసి, కొటేషన్లు జతచేసి, బైలాస్‌లో ఉన్న గడువు ప్రకారం నోటీసు పంపండి. సభలో ఒకరు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి. ఆ తర్వాతే చర్చ. ఎవరైనా అధ్యక్షుణ్ణి ఉద్దేశించే మాట్లాడాలి. ఒకసారి మాట్లాడినవారు మిగతావారి వంతు అయ్యాకే మళ్లీ లేవాలి. నన్నడిగితే, ఈ ఒక్క నియమం గట్టిగా పాటిస్తే చాలా కేకలు ఆగుతాయి. మొత్తం తగ్గించాలని ఎవరైనా అంటే అది సవరణ. ముందు దానిపై ఓటు, తర్వాత అసలు తీర్మానంపై. ఫలితాన్ని అక్కడే చదివి మినిట్స్‌లో రాయండి. కోరం లేకుండా మాత్రం ఏదీ ఆమోదించకండి, రేపు నిలవదు.

ఓటింగే చెల్లదని ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరపెట్టినా, పాత కమిటీ లెక్కలు అప్పగించకపోయినా న్యాయవాదిని కలవండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘమైతే, సభ్యులెవరైనా ఆర్బిట్రేషన్‌కు గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు.